రెండు ఇంటిపేర్లతో దుబాయ్

జమీలక్క నారింజ పండు ఒలుస్తూ మధ్యలో ఆగిపోయిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రపు ఒడ్డున చాప వేసుకుని కూర్చున్నాం. దుబాయ్ దాటాక వచ్చే చిన్న ఊరది. మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగేళ్ళ మా పాప మేఘను ఎత్తుకుని విమల నీళ్ళ అంచున నిలబడి ఉంది. ఏడేళ్ళ మా తరుణ్ జమీలక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని తొనల కోసం చెయ్యి చాపి ఉన్నాడు. విమల అద్దెకుండే ఫ్లాటు జమీలక్కదే. కడప మనిషి. వారం రోజులుగా మా పిల్లలకు అన్నం పెడుతున్న మనిషి.

"పేరు సరే. ఇంటిపేరేంది నాయనా నీది?" అని అడిగింది. తెలుగువాళ్ళు ఎవరైనా అడిగేదే.

తరుణ్ వీపు నిటారుగా చేసుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఉప్పుటూరి గొర్లె తరుణ్."

"గొర్లె మీ విమల పిన్నిది గదా. నీకెట్లొచ్చె?"

"సగం అమ్మది, సగం ఆమెది. మా ఇంట్లో పిల్లలకు ఇద్దరివీ ఉంటాయి."

తొక్క సగం ఊడి పండుకు వేలాడుతోంది. ఆమె వేళ్ళు ఆగాయి. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నీళ్ళ దగ్గరున్న విమల వైపు చూసింది, తర్వాత పండు వైపు చూసుకుంది. నా వైపు మాత్రం చూడలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

"తిను నాయనా," అని పండు మొత్తం వాడి చేతిలో పెట్టేసింది.

ఆక్లండ్‌లో, బయల్దేరక ముందు

మేము దుబాయ్ ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. నా పేరు స్వర్ణ. నెల్లూరులో బి.ఫార్మసీ చదివాను, ఇప్పుడు ఆక్లండ్‌లో ఒక మందుల షాపులో పని చేస్తున్నాను. విమలది గాజువాక. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. పైపుల అతుకుల్లో వెంట్రుకంత చీలిక ఉన్నా పట్టుకోవడం ఆమె ఉద్యోగం. మేమిద్దరం కలిసి బతకడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే. న్యూజిలాండ్‌లో ఏ దేశం వాళ్ళయినా, ఆడ మగ తేడా లేకుండా, ఇద్దరు మనుషులు వెళ్ళి రిజిస్ట్రార్ ముందు సంతకం పెడితే పెళ్ళయినట్టే. మా పెళ్ళికి పక్కింటి దంపతులు సాక్షులుగా వచ్చారు. సంతకాలయ్యాక నలుగురం హోటల్లో బిర్యానీ తిని ఇంటికొచ్చాం. పిల్లలిద్దరి జనన పత్రాల్లోనూ తల్లి పేర్లు రెండున్నాయి.

ఆ ఊళ్ళో మేము భార్యాభార్యలం. ఇండియా వెళ్తే స్నేహితురాళ్ళం. దుబాయ్‌లో ఎవరమో మేమే నిర్ణయించుకుని, దానికి కట్టుబడి ఉండాలి. అక్కడి చట్టం దృష్టిలో మాలాంటి కాపురం నేరం.

అయినా విమల వెళ్ళింది. ఆక్లండ్‌లో ఆమె పనిచేసే వెల్డింగ్ యార్డు మూతపడి, ఏడాదిపాటు సూపర్‌మార్కెట్లో అరలు సర్దింది. ఆ ఏడాది ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో ఒక యార్డు వాళ్ళు పద్నాలుగు నెలల పనికి పిలిచారు. వెళ్ళాక గొంతు మారింది. ఫోన్లో మళ్ళీ జోకులు వేయడం మొదలుపెట్టింది. పదో నెలలో, "స్వర్ణా, ఇంకో మూడేళ్ళకి రాసిస్తామంటున్నారు. లీడ్ ఇన్‌స్పెక్టర్. ఈ యార్డులో ఆ పని ఇప్పటిదాకా ఆడమనిషికి ఇవ్వలేదట. మీరొచ్చి ఉండగలరేమో ఓసారి చూసి చెప్పు," అంది.

అది చూడటానికే వెళ్ళాం. మేం నలుగురం ఆ దేశంలో ఒక ఇంట్లో ఉండగలమా అన్నదొక్కటే మా ప్రశ్న.

బయల్దేరే ముందు నెల రోజులు ఫోన్లో చుట్టరికం కట్టుకున్నాం. సొంత అక్కచెల్లెళ్ళం అందామని విమల అంది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరుంటుంది, ఎవరైనా తిప్పి చూస్తే దొరికిపోతామని నేను వద్దన్నాను. చివరికి విమలకు పెద్దమ్మ కూతుర్ని అయ్యాను. తల్లుల వైపు చుట్టరికం కాబట్టి ఇంటిపేర్లు వేరుగా ఉన్నా ఎవరికీ సందేహం రాదు. అంత జాగ్రత్తగా ఆలోచించాను. పిల్లలు విమలను 'విమ్మ' అని పిలుస్తారు. దాన్ని 'పిన్ని'గా మార్చడానికి ఆట కట్టాను. తప్పు పిలిచినవాళ్ళు నాకొక ముద్దు బాకీ.

పెద్దవాళ్ళ పేర్లన్నీ సరిచూసుకున్నాను. పిల్లల పేర్లు నాకు తట్టలేదు. వాటిని మేం రోజూ వింటాం కదా.

ఇంటర్నేషనల్ సిటీ

పదిహేడు గంటల ప్రయాణం తర్వాత దుబాయ్‌లో దిగాం. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర తెల్లటి దుస్తుల్లో ఉన్న కుర్ర అధికారి పిల్లల పాస్‌పోర్టులు తెరిచి, అందులో రెండు ఇంటిపేర్లూ కలిపి ఉన్న పేరును పైనుంచి కిందికి చూసి, ముద్ర వేసి, మేఘకు చాక్లెట్ ఇచ్చాడు. అంతే. అతనికి అది పొడుగాటి ఇండియన్ పేరు.

బయట విమల నిలబడి ఉంది. ఎండకు బాగా నల్లబడింది. తరుణ్ పరుగెత్తి నడుం పట్టుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి, "అక్కా, ప్రయాణం ఎలా జరిగింది?" అంది. పదకొండు నెలల తర్వాత నేను విన్న మొదటి మాట అది. తప్పు కాదు, మేమనుకున్నదే. కానీ టాక్సీలో కిటికీ వైపు తిరిగి కూర్చోవలసి వచ్చింది.

మొదటి రెండు రోజులు ఇంటర్నేషనల్ సిటీలో రోజువారీ అద్దె గదిలో ఉన్నాం. దుబాయ్ అంటే మీరు బొమ్మల్లో చూసే ఆకాశహర్మ్యాలు ఇక్కడ కనిపించవు. అన్నీ నాలుగంతస్తుల ఇళ్ళు, ఒకే రంగు, ఒకే వరస. ఒక్కో వరసకు ఒక్కో దేశం పేరు పెట్టారు. చైనా, స్పెయిన్, ఇంగ్లాండ్, మొరాకో. మా గది మొరాకోలో. కింద కేరళ వాళ్ళ టీ బంకు. ఏలకులు వేసి మరగబెట్టిన చిక్కటి చాయ్ దిర్హం, గుడ్డు చుట్టిన పరోటా నాలుగు దిర్హంలు. ఆక్లండ్‌లో ఒక్క కాఫీకిచ్చే డబ్బుతో మా నలుగురికీ టిఫిన్ అయిపోయింది. ఎదురు బాల్కనీలో బ్యాచిలర్ల లుంగీలు, కంపెనీ యూనిఫారాలు వేలాడుతుంటాయి. ఒక హాల్లో ఆరు మంచాలు లెక్కపెట్టాను.

సాయంత్రం నడుస్తుంటే తరుణ్ అడిగాడు. "పిన్నీ, ఇందులో న్యూజిలాండ్ ఎక్కడుంది?"

విమల, "దాన్ని ఇంకా కట్టలేదురా," అంది.

తరుణ్ మొదటి రోజే నాకు పదకొండు ముద్దులు బాకీ పడ్డాడు. మేఘకు ఒక్కటీ లేదు. పదకొండు నెలల్లో విమ్మ దానికి ఫోన్లో కనిపించే మొహమైపోయింది, ఇప్పుడు పిన్ని అంటే పిన్ని. నాకది నిశ్చింతగానే అనిపించింది. రెండో రోజు మేఘ నిద్రలో కూడా "పిన్నీ, నీళ్ళు" అంది. విమల నీళ్ళు తాగించి, గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

ముసఫ్ఫా బస్సు

మూడో రోజు విమలకు డ్యూటీ. తను తెల్లారకముందే వెళ్ళిపోయింది. నేను పిల్లలతో, రెండు పెట్టెలతో బస్సులో బయల్దేరాను. టికెట్ పాతిక దిర్హంలు. ముందు సీట్లు ఆడవాళ్ళకు. మన ఊళ్ళో లాగా 'స్త్రీలు' అని రాసిపెట్టి మగవాళ్ళు కూర్చోరు ఇక్కడ, నిజంగానే ఖాళీగా ఉంచుతారు.

ఎక్కేటప్పుడు మేఘ చెప్పు ఒకటి జారి బస్సు కిందికి వెళ్ళిపోయింది. వరసలో వెనకున్న ఒకాయన బ్యాగు కింద పెట్టి, రోడ్డు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి తీసిచ్చాడు. చొక్కా దులుపుకుంటూ, "తెలుగోళ్ళా అక్కా? బిడ్డ ఏడుస్తుంటే అనుకున్న," అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. పేరు మల్లేశం. దుబాయ్‌లో దోస్తును చూసి ముసఫ్ఫా క్యాంపుకు తిరిగి వెళ్తున్నాడు. మా వెనక సీట్లోనే కూర్చున్నాడు.

"బావ ఏడ చేస్తడక్కా?"

"న్యూజిలాండ్‌లో," అన్నాను. అబద్ధం నోటికి అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

"మంచిగైంది. నాకు ఏడేండ్లాయె ఈడ. పెండ్లాం ఇద్దరు పోరగాండ్లు ఊర్లనే. ఫ్యామిలీ వీసా మా జీతానికి ఇయ్యరు. కాయితం మీద సంసారం ఉన్నది, ఇంట్ల లేదు."

మా సంసారం కాయితం మీదా ఉంది, ఇంట్లోనూ ఉంది. ఈ దేశంలో రెండింటినీ బయటికి తీయలేం, అంతే. ఆ మాట అతనితో అనాలనిపించింది. ఆ బస్సులో నా సంగతి అర్థం కాగలిగిన మనిషి అతనొక్కడే అనిపించింది. కానీ, "ఈసారి సెలవెప్పుడు?" అని మాత్రం అడిగాను.

"మా మేనేజరు, గా ముదీర్ మనసు ఎప్పుడైతే గప్పుడు," అని నవ్వాడు. దిగేటప్పుడు మేఘకు అయిదు దిర్హంల నోటు ఇవ్వబోతే నేను వద్దన్నాను. "నీకిస్తలేనక్కా, నా బిడ్డసొంటి బిడ్డకిస్తున్న," అని దాని గుప్పిట్లో పెట్టి వెళ్ళిపోయాడు.

షాబియా

ముసఫ్ఫా అంటే గ్యారేజీలు, రేకుల షెడ్లు, కోసిన ఇనుము వాసన. దాన్ని ఆనుకుని షాబియా అనే నివాసాల పేట. అక్కడ రెండో అంతస్తులో జమీలక్క ఫ్లాటు. ఒక గదిలో ఆమె, ఆమె భర్త ఖాజా భాయి. ఆయన చెడిపోయిన కార్లను లాక్కెళ్ళే బండి నడుపుతాడు. మిగతా రెండు గదుల్లో మంచానికింతని ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు అద్దెకిస్తుంది. విమల గదిలో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు సెలవులో ఊరెళ్ళడంతో ఆ మంచం మాకు దొరికింది.

జమీలక్క ప్రశ్నలు గడపలోనే మొదలయ్యాయి. "రా మ్మా రా. విమల వాళ్ళ పెద్దమ్మ కూతురు గదా నువ్వు. యావూరు మీది? నెల్లూరా? చేపల పులుసు జేస్తావా? మీ ఆయన రాలేదే? ఏం జేస్తాడు?"

"సెలవు దొరకలేదక్కా. షాపులో పని."

"సెలవు దొరక్కపోతే దొంగ జొరం పెట్టుకోవాల. మా ఆయన జూడు, నెలకొక జొరం."

లోపల్నుంచి ఖాజా భాయి, "ఖలాస్, మొదలుపెట్టినావా నా మీద," అన్నాడు.

ఆమె కొడుకూ కూతురూ కడపలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నారు. అందుకేనేమో మా పిల్లలను కింద దించలేదు. రాగి సంకటి చేసింది. చెనిక్కాయల పొడి కలిపి తరుణ్‌కు ముద్దలు పెట్టింది. వాడు ఆక్లండ్‌లో నా చేతి ముద్ద తినడు.

నేను వెళ్ళిన పది రోజుల్లో నాతో ఎక్కువ మాట్లాడింది జమీలక్కే. నేను ఎక్కువ అబద్ధాలు చెప్పింది కూడా ఆమెకే. విమలతో మాట్లాడిందే తక్కువ. రెండు మంచాల మధ్య ఒక అడుగు దూరం. అటు తరుణ్‌తో తను, ఇటు మేఘతో నేను. గోడ పలచన, తలుపుకు గడియ లేదు. ఇంట్లో పక్కపక్కన కూర్చుని బట్టలు మడతపెట్టే మనుషులం మేము. ఇక్కడ నేను మడతపెడుతుంటే తను బాల్కనీలోకి వెళ్ళేది. ఎవరూ చూడకపోయినా ఆ దూరం పాటించేవాళ్ళం. మూడో రోజుకల్లా అది నటనలా అనిపించడం మానేసింది. మూడేళ్ళు ఇలా ఉంటే తిరిగెళ్ళాక కూడా ఇలాగే ఉంటామేమో అని నాకు భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం విమల పిల్లలను తీసుకెళ్ళి యార్డు గేటు బయట నిలబెట్టి చూపించింది. ఇల్లంత పైపులు, వాటి మీద నిప్పు రవ్వలు. లోపల్నుంచి ఒక పంజాబీ ఫోర్‌మన్ వచ్చి, "మీ చెల్లెలు మా అతుకుల్ని మూడుసార్లు పనికిరావని కొట్టేసింది మేడమ్. మూడుసార్లూ ఆమే కరెక్టు," అని హిందీలో ఫిర్యాదు చేశాడు. విమల నవ్వింది. సూపర్‌మార్కెట్ ఏడాదిలో నేను ఒక్కసారీ చూడని నవ్వు అది. ఆ నవ్వు చూసి కూడా ఇక్కడ ఉండలేమని ఎలా చెప్పను?

టైపింగ్ సెంటర్

ఆ దేశంలో ఏ ప్రభుత్వ పనికైనా ముందు టైపింగ్ సెంటర్‌కు వెళ్ళాలి. మన మీ-సేవ లాంటిది. విమల డ్యూటీలో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళాను. పిల్లలు జమీలక్క దగ్గర. చేతి సంచిలో మా పెళ్ళి పత్రం, పిల్లల జనన పత్రాలు ఉన్నాయి. వాటిని ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ తెలియదు. బయటికి తీసే ఉద్దేశం లేదు. గదిలో వదలడానికి భయం వేసింది, అంతే.

కౌంటర్లో మలయాళీ కుర్రాడు. "చెల్లెలు ఇక్కడ పని చేస్తుంది. ఫ్యామిలీ వీసా వివరాలు కావాలి," అన్నాను.

"రిలేషన్ క్యా హై మేడమ్? ఎవరికి వీసా?"

"నాకు. పిల్లలకు."

అతను తెర నా వైపు తిప్పాడు. బాణం గుర్తు నొక్కితే చుట్టరికాల జాబితా జారి కిందికి వచ్చింది. భర్త, భార్య, కొడుకు, కూతురు, తండ్రి, తల్లి. "లేడీ స్పాన్సర్ అయితే హస్బెండును, పిల్లల్ని తెచ్చుకోవచ్చు. జీతం సరిపోవాలి. సిస్టర్‌ది ఇందులో రాదు."

ఆ జాబితాలో 'భార్య' అన్న మాట ఉంది. నా వేలికి జానెడు దూరంలో ఉంది.

"పిల్లల్ని మాత్రం?"

"ఎవరి పిల్లలు? ఆమెవా, మీవా? ఫాదర్ ఎక్కడ?"

అతను మర్యాదగానే అడిగాడు. నేను సంచి జిప్పు మీద చెయ్యి పెట్టుకుని, "ఊరికే తెలుసుకుందామని," అన్నాను.

పక్క కౌంటర్లో కేరళ అబ్బాయి, ఉక్రెయిన్ అమ్మాయి పెళ్ళి దరఖాస్తు నింపించుకుంటున్నారు. ముస్లింలు కాని విదేశీయులకు అబూధాబీ కోర్టులో ఇప్పుడు పెళ్ళి చేస్తారు. "చూడండి మేడమ్, దేశం వేరు, మతం వేరు, భాష వేరు. పేపర్ ఉంటే చాలు, ఖలాస్," అని కుర్రాడు నాకు గొప్పగా చెప్పాడు. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకు కాబోయే మొగుడి ఇంటిపేరు ఎలా పలకాలో రావడం లేదు. అతను అక్షరం అక్షరం నేర్పిస్తున్నాడు.

ఆ సాయంత్రం విమలకు అంతా చెప్పాను. "అంటే విజిట్ వీసా మీద వచ్చి పోతుండాలి. లేదా నీకు వేరే ఉద్యోగం, వేరే వీసా. నువ్వూ నేనూ ఇక్కడ ఎప్పటికీ చుట్టాలమే," అంది. కాంట్రాక్టు కాయితాలు ఆమె దిండు కింద ఉన్నాయి. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఇచ్చారు.

ఉమ్ అల్ క్వైన్

ఆఖరి ఆదివారం అందరికీ సెలవు. మర్నాడు మా విమానం. "బిడ్డలకు సముద్రం చూపీకుండా పంపిస్తామా," అని జమీలక్క పెద్ద డబ్బాలో బిర్యానీ సర్దింది. ఖాజా భాయి వాళ్ళ తమ్ముడు ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతనికీ ఇచ్చినట్టుంటుందని రెండు గంటల పైన కారులో వెళ్ళాం.

మీరు వెళ్తే ఈ ఊరు తప్పక చూడండి. దుబాయ్ పక్కనున్నా దుబాయ్ గాలి తగల్లేదు. మడ చెట్ల మధ్య నిశ్చలంగా ఉన్న నీళ్ళు, దూరంగా గులాబి రంగు కొంగలు, పాతబడిన పడవలు. ఖాజా భాయి తమ్ముడి క్యాంపుకు వెళ్ళాడు. విమల ప్యాంటు మడిచి మేఘతో నీళ్ళలో దిగింది. చుట్టూ ఎవరూ లేరు. పది రోజుల్లో మొదటిసారి మెడ నరాలు వదులయ్యాయి. అప్పుడే జమీలక్క నారింజ పండు తీసింది, తరుణ్‌ను ఇంటిపేరు అడిగింది.

తర్వాత ఏమైందో మొదట్లోనే చెప్పాను. విమానాశ్రయంలో అధికారి ఆ పేరు చదివి ముద్ర వేశాడు. టైపింగ్ సెంటర్ కుర్రాడికి చూపించినా పొడుగాటి పేరనే అనుకునేవాడు. ఆ దేశం మొత్తంలో ఆ పేరును చదవగలిగింది మనవాళ్ళే. ఒక మనిషికి రెండు ఇంటిపేర్లుండవని, పెద్దమ్మ మనవడికి పిన్ని ఇంటిపేరు రాదని తెలిసింది మనకే. సొంత అక్కచెల్లెళ్ళమని చెప్పి ఉంటే సరిపోయేది, పుట్టింటి పేరు కూడా పెట్టుకున్నారులే అని జమీలక్క అనుకునేది. వద్దన్నది నేనే.

తిరిగొచ్చేటప్పుడు జమీలక్క ముందు సీట్లో కూర్చుంది. వెళ్ళేటప్పుడు మా పక్కన వెనక కూర్చుంది.

వంటింట్లో

ఇంటికి రాగానే ఖాజా భాయి నమాజుకు వెళ్ళాడు. జమీలక్క నన్నూ విమలనూ వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. కుళాయి తిప్పి వదిలింది. నీళ్ళ చప్పుడులో మాట్లాడింది.

"నేనేం అడగల్యా. మీరేం చెప్పొద్దు. చెప్తే నాకు తెలిసినట్టయితాది."

విమల, "అక్కా," అనబోయింది.

"ఇను మ్మా. నా బిడ్డలు ఈ వీసా మీద వొచ్చే సంపాదనతో సదువుకుంటాండారు. రేపెవురన్నా వొచ్చి నీ ఇంట్లో ఎవురుండారంటే నేనేం జెప్పాల? నెలాఖరుకు వేరే చోటు జూసుకో విమలా. నేను ఎవురికీ చెప్పను. మా ఆయనకూ చెప్పను. ఆయనకు తెలుగొచ్చు గానీ ఇంటిపేర్ల లెక్కలు రావులే."

ఆమె కుళాయి కట్టేసి, పొయ్యి దగ్గరికి తిరిగి, "పిల్లోల్లకు పొద్దున దారిలోకి పూరీలు జేసిస్తా. విమానంలో పెట్టేది ఆ బిడ్డ తినడు," అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

గదిలోకి రాగానే విమల దిండు కింద కాయితాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, నా సంచిలో మా పెళ్ళి పత్రం ఉన్న అరలోనే పెట్టింది.

"సంతకం?"

"పెట్టట్లేదు. ఏప్రిల్‌కి ఈ పనైపోతాది. వచ్చేస్తాను."

"మళ్ళీ సూపర్‌మార్కెట్టే అయితే?"

"అయితే అవనీ."

"నా కోసం మానుకోవద్దు. మేం రాం, నువ్వుండు. మూడేళ్ళే కదా." మనస్ఫూర్తిగా అన్నానో లేదో నాకే తెలియదు.

ఆమె నిద్రపోతున్న తరుణ్ వైపు చూసింది. "ఆదివారం ఆదివారం కూచోబెట్టి ఆ పేరు అప్పజెప్పించింది నేనే కదేటి. గొర్లె దగ్గర ఆగిపోతే మళ్ళీ మొదట్నుంచీ చెప్పించేదాన్ని. ఇప్పుడు ఆ ముక్క మింగెయ్యమని వాడికి నేను చెప్పలేను స్వర్ణా."

ఆ పది రోజుల్లో ఆమె నన్ను నా పేరుతో పిలవడం అదే మొదటిసారి. గడియ లేని తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, కాసేపు నా భుజం మీద తల పెట్టుకుంది. తర్వాత లేచి కుర్చీ తీసేసింది.

తెల్లవారి, టాక్సీలో

కంపెనీ బస్సు అయిదున్నరకు వస్తుంది. మా టాక్సీ కూడా ఆ వేళకే. వీధి దీపం కింద అందరం నిలబడ్డాం. విమల ఒంటి మీద నీలం యూనిఫారం, చేతిలో హెల్మెట్. హెల్మెట్ మీద ఇంగ్లీషులో 'గొర్లె వి.' అని రాసి ఉంది. బస్సు కిటికీల్లో నిద్రమొహాలు మమ్మల్నే చూస్తున్నాయి. విమల పిల్లల తలలు నిమిరింది. "జాగ్రత్త అక్కా," అంది. నేను, "సరే విమలా," అన్నాను. పైన బాల్కనీలో జమీలక్క నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. మేం కదిలేదాకా అక్కడే ఉంది.

ఈ మూడు నెలలూ విమలకు చోటెక్కడ దొరుకుతుందో, అక్కడ ఎవరు ఏమడుగుతారో అని నేను ప్రతి రాత్రీ లెక్కేస్తూనే ఉన్నాను. ఇది రాస్తున్నదీ ఆ లెక్కల మధ్యనే, పిల్లలు పడుకున్నాక.

టాక్సీ పెద్ద రోడ్డెక్కాక తరుణ్ మెల్లగా అడిగాడు. "అమ్మా, నిన్న జమీల పెద్దమ్మకు నేను తప్పు చెప్పానా?"

"లేదు నాన్నా. నువ్వు సరిగ్గానే చెప్పావు."

"మరి విమ్మ ఎందుకేడ్చింది? నేను పడుకోలేదు."

అంతలో డ్రైవరు అద్దంలోంచి పిల్లల్ని చూసి నవ్వాడు. పెషావర్ దగ్గరి మనిషట. తనకూ ఇంతే కొడుకున్నాడట. "నామ్ క్యా హై బేటా?" అన్నాడు.

తరుణ్ నోరు తెరిచి, ఆగి, నా మొహం చూశాడు. వాడు పేరు చెప్పడానికి నా అనుమతి అడగడం ఏడేళ్ళలో అదే మొదటిసారి.

"చెప్పు నాన్నా. మొత్తం చెప్పు," అన్నాను. మేఘ భుజం తట్టి లేపాను. "అన్న చెప్పాక నువ్వూ చెప్పాలి. గొర్లె దగ్గర ఆగకూడదు."